ఎవరి జుట్టు ఎవరి చేతిలో: ఎంఎంఏ కంపెనీలు, టీవీ చానళ్లు

2008 జులై 19 రాత్రి అమెరికాలో ఎంఎంఏ (గుద్దులు, తన్నులు, కుస్తీ పట్లు అన్నీ కలిసిన మిక్స్‌డ్ మార్షల్ ఆర్ట్స్) అభిమాని ముందు రెండు దారులు ఉన్నాయి. కాలిఫోర్నియాలోని అనహైమ్‌లో అఫ్లిక్షన్ అనే కొత్త కంపెనీ తన మొదటి పోటీ పెట్టింది. ప్రపంచంలో నంబర్ వన్ హెవీవెయిట్ అని చాలామంది ఒప్పుకున్న ఫెడోర్ ఎమెలియనెంకో అందులో, ఎంఎంఏ పోటీలు నడిపే పెద్ద కంపెనీ యూఎఫ్‌సీ మాజీ చాంపియన్ టిమ్ సిల్వియాతో తలపడుతున్నాడు. అది చూడాలంటే పే-పర్-వ్యూ కింద విడిగా డబ్బు కట్టాలి. అదే రాత్రి స్పైక్ టీవీలో యూఎఫ్‌సీ మరో కార్యక్రమం పెట్టింది. తన మిడిల్‌వెయిట్ చాంపియన్ ఆండర్సన్ సిల్వాను పై బరువు విభాగంలోకి దించి జేమ్స్ ఇర్విన్ మీదికి పంపింది. ఇంట్లో కేబుల్ ఉంటే చాలు, దీనికి అదనంగా ఒక్క డాలర్ కూడా అక్కర్లేదు.

ఫెడోర్ 36 సెకన్లలో గెలిచాడు, సిల్వా 61 సెకన్లలో. ఏడాది తిరిగేసరికి అఫ్లిక్షన్ పోటీల వ్యాపారం నుంచే తప్పుకుంది. 2009 ఆగస్టులో జరగాల్సిన మూడో కార్యక్రమం జోష్ బార్నెట్ డోపింగ్ పరీక్షలో దొరికిపోవడంతో రద్దయింది. అసలు టీషర్టులు అమ్మే కంపెనీ అది. తనకు పోటీగా దిగిందని దాని టీషర్టులను తన ఫైటర్లు వేసుకోకుండా యూఎఫ్‌సీ నిషేధించింది. చివరికి అది మళ్లీ యూఎఫ్‌సీ స్పాన్సర్‌గా వెనక్కి వెళ్లింది. ఆ అఫ్లిక్షన్‌లో ఒక భాగస్వామి పేరు డొనాల్డ్ ట్రంప్.

ఎదుటివాడు టికెట్ పెట్టి నాటకం వేస్తున్న రాత్రే నడిబజారులో ఉచితంగా తోలుబొమ్మలాట పెట్టడం లాంటిది యూఎఫ్‌సీ చేసిన పని. ఇందులో మోసం ఏమీ లేదు. కానీ ఉచితంగా ఆడించడానికి నడిబజారు కావాలి, అంటే టీవీ చానల్ కావాలి. ఎంఎంఏ కంపెనీల ముప్పై ఏళ్ల చరిత్రలో ఎవరు నిలిచారు, ఎవరు పోయారు అన్న లెక్క చాలావరకు ఇక్కడే తేలిపోతుంది.

ఈ ఆట ఏర్పాటే వేరు. క్రికెట్‌కు బోర్డు ఉంది. బాక్సింగ్‌లో పోటీలు పెట్టేవాళ్లు ఒకరు, బెల్టులు ఇచ్చే సంస్థలు మరొకరు. అక్కడ బాక్సర్లకు రక్షణగా అమెరికాలో 2000లో వచ్చిన మహమ్మద్ అలీ చట్టం ఉంది, అది ఎంఎంఏకు వర్తించదు. ఎంఎంఏలో పోటీలు నడిపే కంపెనీదే బెల్టు, దానిదే ర్యాంకింగ్, ఫైటర్‌తో కాంట్రాక్టు కూడా దానిదే. ఒక కంపెనీ చాంపియన్ మరో కంపెనీ చాంపియన్‌తో తలపడడం దాదాపు జరగదు. అలాంటప్పుడు ఇద్దరిలో ఎవరు గొప్ప అన్నది పోటీ జరిగే కంచెలో, అంటే కేజ్‌లో తేలదు. ఎవర్ని ఎక్కువమంది చూశారో వాళ్లే గొప్ప. చూపించేది చానల్.

ఇక డబ్బు. స్టేడియం టికెట్లు, స్పాన్సర్లు పోను రెండు పెద్ద దారులున్నాయి. ఒకటి పే-పర్-వ్యూ, అంటే ఇంటికింత అని ఒక్కో కార్యక్రమాన్ని అమ్మడం. కేబుల్, శాటిలైట్ ఆపరేటర్లు అందులో సుమారు సగం తీసేసుకునేవాళ్లు. రెండోది ప్రసార హక్కులు, అంటే చానల్ ఏడాదికింత అని కట్టే మొత్తం. పే-పర్-వ్యూలో జనం తిరస్కరిస్తే నష్టం నీదే, కానీ నీకు యజమాని అంటూ ఎవరూ ఉండరు. హక్కుల డబ్బు నెలజీతంలా ఠంచనుగా వస్తుంది, కానీ అవతలివాడు వద్దన్న రోజున జేబు ఖాళీ. మన దగ్గర శనివారం రాత్రి అమెరికా పోటీలు ఆదివారం పొద్దున సోనీ చానళ్లలో మామూలు చందాకే వచ్చాయి కాబట్టి ఈ తేడా మనకు పెద్దగా తెలియలేదు. అక్కడి తెలుగు కుటుంబాల్లో కుర్రాళ్లు నలుగురు కలిసి డబ్బులు వేసుకుని చూడటం వెనక ఉన్నది ఈ లెక్కే.

యూఎఫ్‌సీ పుట్టిందే పే-పర్-వ్యూ కోసం. 1993 నవంబర్ 12న డెన్వర్‌లో మొదటి పోటీ జరిగింది. జడ్జీలు లేరు. రాయిస్ గ్రేసీ అందర్నీ లొంగదీసి గెలిచాడు. తర్వాత సెనేటర్ జాన్ మెకెయిన్ దీన్ని మనుషుల కోడిపందెం అని తిట్టి, నిషేధించమని రాష్ట్రాల గవర్నర్లకు ఉత్తరాలు రాశాడు. 1997లో ఆయన సెనేట్ వాణిజ్య కమిటీకి చైర్మన్ అయ్యాడు, కేబుల్ పరిశ్రమ ఆ కమిటీ పరిధిలోకే వస్తుంది. పెద్ద కేబుల్ కంపెనీలు ఒక్కొక్కటే యూఎఫ్‌సీని ఆపేశాయి. ఆట మీద నిషేధం కొన్ని రాష్ట్రాల్లోనే ఉంది, కానీ దాన్ని చావుదాకా తెచ్చింది కేబుల్ తీగ తెగడమే. 2001 జనవరిలో లాస్ వేగాస్ కాసినో యజమానులు ఫెర్టిటా సోదరులు, తర్వాత దాన్ని నడిపిన డేనా వైట్‌తో కలిసి ఆ కంపెనీని 20 లక్షల డాలర్లకు కొన్నారు. కొన్నది పేరునీ, అష్టకోణపు కేజ్‌నీ అనుకోవచ్చు, అంతకుమించి పెద్దగా ఏమీ మిగల్లేదు.

న్యూజెర్సీలో నియమాలు కుదిరాక కేబుల్ పే-పర్-వ్యూ తలుపులు మళ్లీ తెరుచుకున్నాయి. తిరిగి వచ్చిన తొలి కార్యక్రమం, 2001 సెప్టెంబర్‌లో యూఎఫ్‌సీ 33, ఇచ్చిన సమయం దాటిపోయి చాలా ఇళ్లలో అసలు పోటీ మధ్యలోనే ప్రసారం ఆగిపోయింది. అదృష్టం అంటే అలా ఉండాలి మరి! ఆ తర్వాత మూడేళ్లలో కొత్త యజమానులు కోట్ల డాలర్లు పోగొట్టుకున్నారు. జనానికి తెలియని ఫైటర్లను డబ్బులిచ్చి ఎవరు చూస్తారు? తెలియాలంటే ఉచితంగా కనిపించాలి. ఉచితంగా చూపించడానికి ఏ చానలూ ముందుకు రావడం లేదు.

ముడి విప్పడానికి వాళ్లు తమ జేబులోంచే సుమారు కోటి డాలర్లు ఖర్చుపెట్టి ఒక రియాలిటీ షో తీసి స్పైక్ టీవీకి ఇచ్చారు. అదే ది అల్టిమేట్ ఫైటర్. 2005 జనవరి 17న సోమవారం రాత్రి, డబ్ల్యూడబ్ల్యూఈ కంపెనీ కుస్తీ షో ‘రా’ అయిపోగానే మొదలైంది. కుస్తీ చూసి లేవబోతున్న కుర్రాళ్లు అలాగే కూర్చుండిపోయారు. ఏప్రిల్ 9న ఫైనల్లో ఫారెస్ట్ గ్రిఫిన్, స్టీఫన్ బానర్ పదిహేను నిమిషాలు వెనక్కి తగ్గకుండా కొట్టుకున్నారు. ఆ రాత్రే వేదిక వెనక సందులో నిలబడి రెండో సీజన్‌కు చానల్ వాళ్లతో మాట కుదుర్చుకున్నామని డేనా వైట్ తర్వాత చాలాసార్లు చెప్పుకున్నాడు.

ఇక్కడ చానల్ వైపు నుంచి కూడా చూడాలి. ఆ ఏడాదే డబ్ల్యూడబ్ల్యూఈ స్పైక్‌ను వదిలి యూఎస్ఏ నెట్‌వర్క్‌కు వెళ్లిపోతోంది. స్పైక్‌కు సోమవారం రాత్రులు ఖాళీ అయ్యాయి. 2005 అక్టోబర్ 3న రా కొత్త ఇంటికి వెళ్లిన రాత్రే, స్పైక్ దాని మీదికి యూఎఫ్‌సీ పోటీలను లైవ్‌గా వదిలింది. యూఎఫ్‌సీకి చానల్ ఎంత అవసరమో, చానల్‌కు కూడా యూఎఫ్‌సీ అంత అవసరం అయింది. ఇలాంటి సమవుజ్జీ బేరం తర్వాత వచ్చిన ఏ కంపెనీకీ దొరకలేదు. ఇంకా ముఖ్యమైన సంగతి, యూఎఫ్‌సీ తన జుట్టు చానల్ చేతికి ఇవ్వలేదు. స్పైక్ అద్దాల షోకేసు మాత్రమే, గల్లాపెట్టె పే-పర్-వ్యూలో ఉంది. చిత్రీకరణ, వ్యాఖ్యాతలు, పాత పోటీల రికార్డింగులు అన్నీ దాని సొంతం. 2007లో హెచ్‌బీఓతో చర్చలు తెగిపోయినప్పుడు కూడా చిత్రీకరణ ఎవరి అదుపులో ఉండాలన్నదే పెద్ద పేచీ. అంత పెద్ద చానల్‌ను వదులుకోవడం అప్పట్లో పొగరులా కనిపించింది. నా లెక్కలో మాత్రం యూఎఫ్‌సీ తీసుకున్న తెలివైన నిర్ణయాల్లో అది ముందు వరసలో ఉంటుంది.

జపాన్ కథ దీనికి సరిగ్గా తలకిందులు. 2000 తర్వాత కొన్నేళ్లు ప్రపంచంలో గొప్ప ఎంఎంఏ కంపెనీ ఏదంటే యూఎఫ్‌సీ కాదు, టోక్యోలోని ప్రైడ్. ఫెడోర్ అక్కడే పేరు తెచ్చుకున్నాడు. అక్కడ ఆట నడిచింది ఉచిత టీవీ మీద. 2003 డిసెంబర్ 31 రాత్రి మూడు పెద్ద చానళ్లు మూడు వేర్వేరు ఫైట్ కార్యక్రమాలు ఒకేసారి వేశాయి. ఫుజి టీవీలో ప్రైడ్, టీబీఎస్‌లో కిక్‌బాక్సింగ్ కంపెనీ కె-1, నిప్పాన్ టీవీలో కుస్తీ దిగ్గజం ఇనోకి కార్యక్రమం. జపాన్‌లో ఆ రాత్రి ఇంటిల్లిపాదీ ప్రజా ప్రసార సంస్థ ఎన్‌హెచ్‌కే పాటల కార్యక్రమం చూడటం ఆనవాయితీ. మాజీ సుమో యోకొజునా (అగ్రశ్రేణి మల్లుడు) అకెబోనో, ఫైటర్ బాబ్ శాప్ తలపడిన ఆ నాలుగు నిమిషాలు మాత్రం కె-1 దాన్ని కూడా దాటేసింది. అది కిక్‌బాక్సింగ్ నియమాల పోటీ, ఆటగా చూస్తే పేలవం. అయినా టీవీ కోసం ఒకరి ఫైటర్లను ఒకరు లాక్కునే పోరు ఆ రాత్రి ఎంత ముదిరిందంటే, ప్రైడ్ చాంపియన్ ఫెడోర్ ఇనోకి కార్యక్రమంలో కనిపించాడు.

తర్వాత 2006లో ప్రైడ్‌కు యాకుజా నేర ముఠాలతో సంబంధాలున్నాయని ఒక వారపత్రిక వరసగా కథనాలు వేసింది. జూన్ 5న ఫుజి టీవీ కాంట్రాక్టు రద్దు చేసుకుంది. ఫైటర్లు ఉన్నారు, అభిమానులు ఉన్నారు, స్టేడియంలు నిండుతూనే ఉన్నాయి. డబ్బు వచ్చే దారి మాత్రం మూసుకుపోయింది. పది నెలలు తిరక్కుండానే 2007 మార్చిలో ఫెర్టిటా సోదరులే ప్రైడ్‌ను కొన్నట్టు ప్రకటించారు. ఏప్రిల్‌లో జరిగిన ప్రైడ్ 34 చివరిది. ఆటలో ఓడినందుకు పోయిన కంపెనీ కాదది.

అమెరికాలో 2008లో ఉచిత టీవీ తలుపు ఇంకా పెద్దగా తెరుచుకుంది, అయితే యూఎఫ్‌సీకి కాదు. ఉచితంగా వచ్చే నెట్‌వర్క్ సీబీఎస్, చందా చానల్ షోటైమ్ అప్పుడు ఒకే గూటివి. షోటైమ్‌లో పోటీలు నడుపుతున్న ఎలైట్‌ఎక్స్‌సీని మే 31న సీబీఎస్ ప్రైమ్‌టైమ్‌లో కూర్చోబెట్టింది. పెద్ద నెట్‌వర్క్‌లో ఆ సమయానికి ఎంఎంఏ రావడం అదే మొదలు. పతాక సన్నివేశం కింబో స్లైస్. మయామీలో పెరటి కొట్లాటల వీడియోలతో ఇంటర్నెట్‌లో పేరు తెచ్చుకున్న మనిషి. జేమ్స్ థాంప్సన్‌తో అతని పోరు చూసినవాళ్ల సంఖ్య ఒక దశలో 65 లక్షలు దాటింది. మహిళా ఫైటర్ గీనా కరానో కూడా అదే రాత్రి కోట్లాది ఇళ్లకు అందే చానల్లో కనిపించింది. యూఎఫ్‌సీ మహిళలకు తలుపు తీసింది ఇంకా నాలుగున్నరేళ్లకు గానీ కాదు.

ప్రేక్షకులు వచ్చారు, కంపెనీ మాత్రం ఐదు నెలలు కూడా నిలవలేదు. అక్టోబర్ 4న కింబో ప్రత్యర్థి కెన్ శామ్రాక్‌కు పోటీకి కొద్ది గంటల ముందు కంటి మీద కోత పడింది. అదే రాత్రి చిన్న పోటీల జాబితాలో (అండర్‌కార్డులో) ఉన్న సెత్ పెట్రుజెల్లిని అప్పటికప్పుడు బరిలోకి తెచ్చారు. అతను 14 సెకన్లలో కింబోను కూల్చేశాడు. తర్వాత ఒక రేడియోలో మాట్లాడుతూ, కింద పడేసి పట్టు వేయకుండా నిలబడి కొట్టడానికే తనకు డబ్బిచ్చారన్నట్టు నోరు జారాడు. ఫ్లోరిడా అధికారులు విచారణ జరిపి తప్పేమీ దొరకలేదన్నారు గానీ, అప్పటికే కంపెనీ అదే నెలలో దుకాణం కట్టేసింది. నేరం కింబోది కాదు. ఒక్క మనిషి మొహం మీద మొత్తం చానల్ ఒప్పందాన్ని వేలాడదీసిన ఏర్పాటుది.

కింబో చేతిలో ఓడిన ఆ జేమ్స్ థాంప్సన్, అకెబోనోను కూల్చిన ఆ బాబ్ శాప్, ఇద్దరూ 2012 మార్చిలో ముంబైకి వచ్చారు. రాజ్ కుంద్రా, సంజయ్ దత్ మొదలుపెట్టిన సూపర్ ఫైట్ లీగ్ తొలి కార్యక్రమంలో ప్రధాన పోటీ వాళ్లిద్దరిదే. టీవీలో ఒకప్పుడు వెలిగిన మొహాలకు ఇంకో దేశంలో ఎంతకాలం గిరాకీ ఉంటుందో ఇంతకంటే మంచి ఉదాహరణ దొరకదు.

ఎలైట్‌ఎక్స్‌సీ స్థానంలోకి స్కాట్ కోకర్ నడిపే స్ట్రైక్‌ఫోర్స్ వచ్చింది. నిదానంగా, తెలివిగా నడిచిన కంపెనీ. 2009 నవంబర్‌లో ఫెడోర్‌ను సీబీఎస్‌లో చూపించింది. 2010 ఏప్రిల్ 17న నాష్‌విల్‌లో జేక్ షీల్డ్స్ గెలిచాక ఇంటర్వ్యూ ఇస్తుంటే, మేహెమ్ మిల్లర్ కేజ్‌లోకి వచ్చి రీమ్యాచ్ ఎప్పుడని అడిగాడు. షీల్డ్స్ బృందం మీదపడింది. లైవ్‌లో గుంపు కొట్లాట. ఆ తర్వాత స్ట్రైక్‌ఫోర్స్ సీబీఎస్‌లో మళ్లీ కనిపించలేదు. 2011 మార్చిలో యూఎఫ్‌సీ దాన్ని కొనేసింది, షోటైమ్ ఒప్పందం ఉన్నన్నాళ్లు నడిపి 2013 జనవరిలో మూసేసింది. అమెరికా ఫెడరల్ ట్రేడ్ కమిషన్ ఆ కొనుగోలు మీద విచారణ మొదలుపెట్టి, చర్య ఏమీ తీసుకోకుండా ముగించింది.

అదే 2011లో యూఎఫ్‌సీ స్పైక్‌ను వదిలి ఫాక్స్‌తో ఏడేళ్ల ఒప్పందం చేసుకుంది. ఇక్కడి నుంచి పోరు మరీ చిక్కుముడి అవుతుంది. స్పైక్ యజమాని వయాకామ్ ఊరుకోలేదు, బెలాటర్ అనే పోటీ కంపెనీలో మెజారిటీ వాటా కొనేసింది. కానీ యూఎఫ్‌సీతో పాత ఒప్పందం ప్రకారం 2013 దాకా స్పైక్‌లో బెలాటర్‌ను లైవ్‌గా వేయడానికి లేదు. పాత యూఎఫ్‌సీ పోటీల రికార్డింగులు మాత్రం 2012 చివరిదాకా స్పైక్ దగ్గరే ఉన్నాయి. ఇంకేముంది, యూఎఫ్‌సీ కొత్త చానళ్లలో లైవ్ పోటీ పెట్టిన రాత్రే స్పైక్ పాత యూఎఫ్‌సీ పోటీలు వేసేది. డేనా వైట్ అఫ్లిక్షన్‌కు తినిపించిన మందునే స్పైక్ ఆయనకు తినిపించింది, అదీ ఆయన సొంత ఫైటర్లతోనే.

టీవీలో కనిపించడం విలువెంత అన్న ప్రశ్న చివరికి కోర్టుకే ఎక్కింది. బెలాటర్ లైట్‌వెయిట్ ఎడ్డీ ఆల్వరెజ్ కాంట్రాక్టు 2012లో ముగిసింది. యూఎఫ్‌సీ అతనికి ఆఫర్ ఇచ్చింది: రెండున్నర లక్షల డాలర్ల సంతకం బోనస్, ఫాక్స్‌లో పోటీ, పే-పర్-వ్యూ అమ్మకాల్లో వాటా. పాత కాంట్రాక్టులో బెలాటర్‌కు ఒక హక్కు ఉంది, బయటి ఆఫర్‌కు సమానంగా ఇస్తే ఫైటర్ తమ దగ్గరే ఉండాలి. బెలాటర్ ఆ ఆఫర్‌ను దాదాపు మక్కీకి మక్కీ దింపి, ఫాక్స్ ఉన్నచోట స్పైక్ అని పెట్టింది. ఫాక్స్, స్పైక్ ఒకటే ఎలా అవుతాయని ఆల్వరెజ్ వైపు వాదన. ఒకటి దేశంలో దాదాపు ప్రతి ఇంటికీ ఉచితంగా వచ్చే నెట్‌వర్క్, ఇంకోటి కేబుల్ చానల్. పైగా బెలాటర్ అప్పటికి ఒక్క పే-పర్-వ్యూ కూడా పెట్టలేదు, లేనిదాంట్లో వాటా ఇస్తామంటే అర్థమేముంది?

కాగితం మీద సమానమైనవి జీవితంలో సమానం కావు అనడానికి ఇంత శుభ్రమైన కేసు ఈ ఆటలో ఇంకోటి లేదు. అయినా న్యూజెర్సీ ఫెడరల్ జడ్జి 2013 జనవరిలో ఆల్వరెజ్‌ను వెంటనే యూఎఫ్‌సీకి వెళ్లనివ్వలేదు. కేసు నడుస్తుంటే అతని వయసు నడుస్తోంది. ఆగస్టులో రాజీపడి తిరిగి బెలాటర్‌కే వచ్చాడు. నవంబర్‌లో మైఖేల్ చాండ్లర్‌తో అతని రెండో పోరు బెలాటర్ తొలి పే-పర్-వ్యూగా రావాల్సింది. అదే కార్యక్రమంలో దిగాల్సిన టిటో ఆర్టిజ్ గాయపడి తప్పుకోవడంతో దాన్ని స్పైక్‌లోనే వేసేశారు. ఆల్వరెజ్ కోర్టులో ఏది భయపడ్డాడో అదే జరిగిందన్నమాట. అతను 2014లో యూఎఫ్‌సీకి వెళ్లి, 2016లో అక్కడి బెల్టు కూడా గెలిచాడు.

ఫాక్స్ మొదటి రాత్రి, 2011 నవంబర్ 12న, కేన్ వెలాస్కెజ్‌ను జూనియర్ డోస్ శాంటోస్ 64 సెకన్లలో పడగొట్టాడు. సగటున 57 లక్షల మంది చూశారు. ఆ అంకెను ఫాక్స్ ఒప్పందం మళ్లీ అందుకోలేదు. కానీ చానల్లో చూసేవాళ్ల సంఖ్య తగ్గుతుంటే యూఎఫ్‌సీ ధర పెరుగుతూ పోయింది. 2016లో సుమారు 400 కోట్ల డాలర్లకు అమ్ముడైంది. 2019 నుంచి ఈఎస్‌పీఎన్ ఏడాదికి సుమారు 30 కోట్ల డాలర్లు కట్టింది, అదే ఏడాది పే-పర్-వ్యూ కూడా ఈఎస్‌పీఎన్ ప్లస్‌లోకే వెళ్లింది. లైవ్ ఆటకు మాత్రమే జనం గడియారం చూసుకుని కూర్చుంటున్నారు, స్ట్రీమింగ్ కంపెనీలకు కావాల్సింది అదే.

బెలాటర్‌కు ఈ అదృష్టం పట్టలేదు. యజమాని చానళ్లను మార్చినప్పుడల్లా అదీ సామాను సర్దుకుంది. స్పైక్ 2018లో పారామౌంట్ నెట్‌వర్క్ అయింది, 2021లో బెలాటర్ షోటైమ్‌కు మారింది, 2023 చివర్లో షోటైమ్ క్రీడా విభాగాన్నే మూసేశారు. బెలాటర్‌ను పీఎఫ్ఎల్ అనే మరో ఎంఎంఏ కంపెనీ కొనుక్కుంది.

ఇంత డబ్బులో ఫైటర్‌కు ఎంత? యూఎఫ్‌సీ ఆదాయంలో ఫైటర్లకు దక్కేది 20 శాతం దరిదాపుల్లో ఉందని కోర్టు పత్రాల్లో బయటపడింది, అమెరికా బాస్కెట్‌బాల్, ఫుట్‌బాల్ లీగుల్లో ఆటగాళ్ల వాటా సుమారు సగం. పోటీ కంపెనీలను కొని, ఫైటర్లను పొడవాటి కాంట్రాక్టుల్లో బంధించి మార్కెట్‌ను గుప్పిట్లో పెట్టుకున్నారంటూ 2014లో వేసిన కేసు, 2025లో 37.5 కోట్ల డాలర్ల పరిష్కారంతో ముగిసింది. ప్రైడ్ పోయినప్పుడు, స్ట్రైక్‌ఫోర్స్ పోయినప్పుడు అభిమానులు బాధపడింది మంచి పోటీలు పోయాయని. ఫైటర్లు పోగొట్టుకున్నది బేరం.

2025 ఆగస్టులో యూఎఫ్‌సీ మరో ఒప్పందం ప్రకటించింది: 2026 నుంచి ఏడేళ్లు, 770 కోట్ల డాలర్లు, పారామౌంట్‌తో. వయాకామ్, సీబీఎస్, షోటైమ్ అన్నీ కలిసి తేలిన కంపెనీ అది. స్పైక్ నడిపి, బెలాటర్‌ను పెంచి, కింబోను ప్రైమ్‌టైమ్‌లో కూర్చోబెట్టిన చేతులు ఇప్పుడు అదే గూట్లో ఉన్నాయి. కొన్ని పోటీలు సీబీఎస్‌లో కూడా వస్తాయి. యూఎఫ్‌సీని పుట్టించిన అమెరికా పే-పర్-వ్యూ ఈ ఒప్పందంతో ముగుస్తుంది, అన్నీ నెలచందాలోనే.

ప్రేక్షకుడికి ఇది లాభమే, 2025లో ఒక్కో పెద్ద పోటీకి 80 డాలర్లు కట్టేవాడు. కంపెనీ మాత్రం తొలిసారి గల్లాపెట్టెను కూడా చానల్ చేతికి ఇచ్చింది. ఏడేళ్ల దాకా దానికి దిగుల్లేదు. తేలాల్సింది చాంపియన్ల లెక్క. వాళ్లలో పెద్ద పేర్లున్నవాళ్లకు అసలు సంపాదన పే-పర్-వ్యూ అమ్మకాల్లో వాటా నుంచే వచ్చేది. ఎన్ని ఇళ్లు కొన్నాయన్న అంకె ఒకటి ఉండేది కాబట్టి, నా వల్ల ఇంత వచ్చింది అని అడగడానికి ఆధారం ఉండేది. నెలచందాలో ఆ అంకె ఉండదు. ఒక ఫైటర్ కోసం ఎంతమంది పారామౌంట్ ప్లస్‌లో చేరారో తెలిసేది పారామౌంట్‌కు, తర్వాత యూఎఫ్‌సీకి. ఫైటర్ మేనేజర్ ఇకమీద ఏ కాగితం పట్టుకుని బేరానికి కూర్చుంటాడో కొత్త కాంట్రాక్టుల్లోనే తేలాలి. 2017 తర్వాతి ఫైటర్ల తరఫున వేసిన మరో కేసు నెవాడా కోర్టులో ఉంది.